బాటసారి హక్కులు: మూట నుంచి మనిషి దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, సహజంగానే ఆయన మనసులో ఉన్నది కోనసీమ కాలువలో, కాటన్ దొరగారో అయి ఉంటారు. వాటిమీద రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టులలో గుమాస్తాగా చేరి హెడ్ క్లర్కుగా దిగినవాణ్ణి. నాకు తెలిసినదల్లా దావాలూ, వాయిదాలూ, వకాల్తాలూను. అందుచేత నాకు తెలిసిన దారిలోనే ఒక చిన్న చరిత్ర చెబుతాను. దారిన పోతూ డబ్బిచ్చి ఒక గదిలో పడుకున్న మనిషికి ఆ గది గాలివల్లే ప్రాణం మీదికి వస్తే, చట్టం ఆ మనిషిని ఎప్పటినుంచి పట్టించుకోవడం మొదలుపెట్టింది అన్నది విషయం. ఎందుకు ఇది ఎత్తుకున్నానో కూడా చెప్పాలి గనుక ముందు ఆ సంగతి.

2022 డిసెంబరులో మనవాళ్ళం పద్నాలుగు మందిమి ఉత్తరాది యాత్రకు వెళ్ళాం. హిమాలయాల అడుగున ఒక ఊళ్ళో, పేరు చెప్పను, ఒక లాడ్జిలో బస. చలి మనం ఎరిగినది కాదు. తలుపులు, కిటికీలు బిగించి, సందుల్లో తువ్వాళ్ళు కుక్కి పడుకున్నాం. తెల్లవారుజామున పక్క గదిలో ఉన్న మా మిత్రుడు, రిటైర్డ్ హెడ్మాస్టరు గారు, తలనొప్పిగా ఉంది, వాంతి వచ్చేలా ఉంది అన్నారు. రాత్రి తిన్న పూరీల పైత్యం అనుకున్నాం. ఆయన భార్య స్నానాల గదిలో ఉన్నారు. ఎంతకీ రాలేదు. పిలిస్తే పలకలేదు. తలుపు బద్దలుకొట్టి చూస్తే ఆవిడ నేలమీద ఉన్నారు. లోపల గోడకు గ్యాసు గీజరు, దాని కింద నీలం మంట ఇంకా వెలుగుతూనే ఉంది. పొగ బయటికి పోయే గొట్టం లేదు. ఉన్న ఒక్క చిన్న కిటికీకి చలిగాలి రాకుండా ఎవరో అట్ట కొట్టి ఉంచారు.

ఆస్పత్రిలో ఉన్న కుర్ర డాక్టరు మొదట అడిగిన ప్రశ్న నాకు బాగా జ్ఞాపకం. "ఆ గదిలో ఇంకెవరికైనా తలనొప్పి వచ్చిందా?" అని. వచ్చిందనగానే ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టించాడు. వేలికి తగిలించే ఆ చిన్న యంత్రం కోవిడ్ పుణ్యమా అని మనందరికీ పరిచయమే కదా, అది 98 చూపిస్తోంది. అంతా బాగానే ఉందిగా అంటే, ఈ విషానికి ఆ యంత్రం మోసపోతుందండీ అన్నాడు.

ఆ విషం పేరు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. బొగ్గు గానీ గ్యాసు గానీ కిరసనాయిలు గానీ చాలినంత గాలి అందక సగం సగం కాలినప్పుడు పుడుతుంది. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హెమోగ్లోబిన్ ఉందే, దానికి ప్రాణవాయువు కంటే ఈ వాయువు మీద 200 రెట్లకు పైగా మక్కువ. ఒకసారి పట్టుకుంటే తేలికగా వదలదు. రక్తం ఎర్రగానే ఉంటుంది, ఒంటికి మాత్రం ఊపిరి అందదు. యంత్రం ఆ ఎరుపును చూసే మోసపోతుంది. మామూలు గాలిలో ఉంచితే రక్తంలో ఉన్న విషం సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఇది రక్తాన్ని ఎలా కట్టిపడేస్తుందో వివరించాడు. 1890లలో ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్, బొగ్గు గనుల్లో పేలుళ్ళ తరువాత చనిపోయినవారిలో చాలామంది మంటవల్ల కాదు, ఈ వాయువువల్ల పోతున్నారని చూపించి, గనిలోకి చిన్న పిట్టల్ని తీసుకువెళ్ళమన్నాడు. మనిషి కంటే ముందు పిట్ట తూలితే పరుగెత్తాలన్నమాట. బ్రిటిష్ గనుల్లో ఆ పిట్టల కొలువు 1986 దాకా సాగింది. వాటికి పెన్షను ఇచ్చారో లేదో తెలియదు.

మన పెద్దలకు ఈ శాస్త్రం తెలియకపోయినా జాగ్రత్త తెలుసు. బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టినప్పుడు తలుపు ఓరగా ఉంచమని మా నాయనమ్మ కేకలేసేది. "కుంపటి గాలి మంచిది కాదు" అనేది, అంతే.

మన కోనసీమకు గ్యాసు భయం కొత్త కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. బావి ఎగజిమ్మి, 65 రోజులు ఆ మంట మండింది. రాత్రిళ్ళు ఎన్నో ఊళ్ళకు ఆ వెలుగు కనిపించేది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా పోయారు. లీకైన గ్యాసు ఊరంతా కమ్ముకున్నాక టీ కొట్లో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ గ్యాసు చప్పుడు చేసింది, మండింది, మంత్రుల్ని రప్పించింది. నేను చెప్పే గ్యాసు అలాంటిది కాదు. చప్పుడు చేయకుండా ఒక గదిలో ఇద్దరిని తీసుకుపోతుంది. మర్నాడు గుండెపోటు అంటారు, లేదా చలికి తట్టుకోలేకపోయారు అంటారు.

ఆస్పత్రి నుంచి లాడ్జికి వచ్చాక మేనేజరు మా చేతిలో రసీదు పెట్టి వెనక్కి తిప్పి చూపించాడు. అతిథుల సామానుకు గానీ, ప్రాణానికి గానీ యాజమాన్యం బాధ్యత వహించదు అని సన్నని అక్షరాల్లో హిందీలో, ఇంగ్లీషులో అచ్చయి ఉంది.

ఆ అచ్చు వాక్యం వెనక ఎన్ని శతాబ్దాలు ఉన్నాయో అప్పుడు నాకు తట్టలేదు. ఇల్లు చేరాక పాత పుస్తకాలు తీశాను. 1584లో ఇంగ్లండులో కేలీ కేసు అని ఒకటి నడిచింది. ఒకాయన సత్రంలో దిగి, తన గుర్రాన్ని మేతకు తోలమన్నాడు. మేతకు పోయిన గుర్రాన్ని దొంగలు తోలుకుపోయారు. సత్రం ఆవరణలో ఉన్న సొత్తు పోతే యజమాని జవాబుదారీ, అతిథి కోరిక మీద బయటికి తోలిన గుర్రానికి కాదు అని తేల్చారు. ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. అతిథి సామానుకు సత్రం యజమాని బాధ్యుడే గాని, సత్రంలో అతిథిని ఎవరైనా కొడితే ఆ దెబ్బలకు మాత్రం బాధ్యుడు కాడట! అంటే మూటకు రక్షణ ఉంది, మూట మోసుకొచ్చినవాడికి లేదు.

మూడు వందల ఏళ్ళు పైబడిన తరువాత గాని ఇది మెత్తబడలేదు. 1917లో లండనులో ఒక హోటల్లో నిప్పంటుకుంటే, తప్పించుకోబోయి గాయపడిన ఒక మహిళ దావా వేసింది. డబ్బు తీసుకుని గది ఇచ్చేవాడు, మానవ ప్రయత్నంతో, నేర్పుతో ఎంత సురక్షితంగా ఉంచగలడో అంత సురక్షితంగా ఆ చోటును ఉంచానని నోటితో అనకపోయినా మాట ఇచ్చినట్లే అని కోర్టు చెప్పింది. అది నాకు చాలా నచ్చిన మాట. గది అద్దెకు ఇచ్చినప్పుడు నాలుగు గోడలూ మంచమూ మాత్రమే ఇచ్చినట్టు కాదు, పీల్చే గాలి కూడా ఇచ్చినట్టే కదా.

ఇక్కడ మన వైపు చరిత్ర వేరు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) వేళ కాని వేళలో గోదావరి దాటి వచ్చినవారికి అన్నం పెట్టారు. రసీదు లేదు, వెనక సన్న అక్షరాలు లేవు. అలాంటి చోట అతిథికి హక్కు అనే మాటే రాదు, అక్కడ ఉన్నది గృహస్థు ధర్మం. ధర్మం పోయి అద్దె వచ్చినప్పుడు హక్కు కూడా రావాలి. అద్దె వెంటనే వచ్చింది, హక్కు నెమ్మదిగా వచ్చింది.

మన దేశంలో ఆ నెమ్మది ఎంతో చెప్పడానికి ఒక్క కేసు చాలు. 1972లో ఒక జర్మన్ విమానం కో-పైలట్ ఢిల్లీలో ఒక పెద్ద హోటల్లో దిగాడు. ఈత కొలనులో దూకితే తల అడుగుకు తగిలి, మెడ నుంచి కింది శరీరం పడిపోయింది. 1975లో దావా వేశాడు. 1985లో చనిపోయాడు. 1997లో ఢిల్లీ హైకోర్టు, ఐదు నక్షత్రాల హోటలు అంత డబ్బు తీసుకుంటున్నప్పుడు అంత ఎత్తు జాగ్రత్తా చూపాలి అని చెప్పి 50 లక్షల రూపాయలు ఇమ్మంది. 2002లో అప్పీలులో ఆ డిక్రీ నిలవలేదు. దెబ్బతిన్న మనిషి పోవడంతో దావా హక్కూ పోయిందన్నారు. నేను కోర్టులో పనిచేసిన రోజుల్లో కక్షిదారు మరణించాడని ఫైలు మీద ఎర్ర సిరాతో రాసి, వారసులను చేర్చాలా, కేసు మూసేయాలా అని అయ్యగారికి పెట్టిన సందర్భాలు లెక్కలేనన్ని. ఆ ఎర్ర సిరా విలువ ఎంతో ఇది చదివాక తెలిసింది.

మనిషి ఆ ప్రమాదంలోనే చనిపోతే మాత్రం దారి వేరు. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో వచ్చింది. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు దావా వేసుకోవచ్చు. గడువు రెండేళ్ళు. కానీ సివిలు దావా ఖర్చు, కాలం ఎవరికి తెలియవు? అందుకే ఈ చట్టం చాలాకాలం పుస్తకాల్లోనే ఉండిపోయింది.

తలుపు తెరుచుకున్నది 1986 డిసెంబరులో. భోపాల్ జరిగి రెండేళ్ళు అయింది. ఢిల్లీలో శ్రీరాం కర్మాగారం నుంచి ఒలియం వాయువు లీకై ఏడాది దాటింది. ఆ కేసులో డిసెంబరు 20న సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పని చేసే సంస్థ దానివల్ల కలిగే హానికి ఏ సాకూ చెప్పకుండా పూర్తి బాధ్యత వహించాలి అంది. సరిగ్గా నాలుగు రోజులకు, డిసెంబరు 24న, వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆ చట్టంలో సేవ అంటే ఏమిటో చెబుతూ బ్యాంకు, బీమా, రవాణా, కరెంటుతో పాటు భోజనం, బస అని కూడా రాశారు. నాలుగు వందల ఏళ్ళ తరువాత మూటతో పాటు మనిషి కూడా కాగితం ఎక్కాడు. ఉచితంగా ఇచ్చే సేవకు మాత్రం ఈ చట్టం వర్తించదు. ధర్మసత్రంలో పైసా ఇవ్వకుండా పడుకున్నవారు నిర్లక్ష్యం మీద మామూలు కోర్టుకే పోవాలి. యాత్రలు చేసే మనవాళ్ళు ఇది గుర్తుంచుకోవడం మంచిది. ఎంత చిన్న మొత్తమైనా అద్దె అని రసీదు తీసుకోండి.

పొగవల్ల పోయిన ప్రాణాల విలువ కోర్టులో ఎలా తేలిందో చూడాలంటే ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు వైపు చూడాలి. 1997 జూన్ 13న 59 మంది పోయారు. కింద ట్రాన్స్‌ఫార్మరు అంటుకుంటే పొగ పైకి బాల్కనీలోకి వెళ్ళింది. పోయింది కాలి కాదు, ఊపిరాడక. బయటికి పోయే దారిని అదనపు కుర్చీలు మూసేశాయి. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు సంఘం పెట్టుకుని పోరాడారు. 2003లో హైకోర్టు ఒక్కో కుటుంబానికి 18 లక్షలు, 15 లక్షలు అంటే, 2011లో సుప్రీంకోర్టు దాన్ని 10 లక్షలకూ, ఇరవై ఏళ్ళలోపు వారికి ఏడున్నర లక్షలకూ తగ్గించింది. సినిమాకు వెళ్ళిన పిల్లవాడి విలువ పెద్దవాడికంటే తక్కువ ఎందుకయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సంపాదన లెక్క అంటారు. ఆ లెక్కన మన పెన్షనర్ల విలువ ఎంత కడతారో ఊహించుకోండి.

మన తెలుగు నేల మీదా బసలో పొగ తిన్న ప్రాణాలు ఉన్నాయి. 2020 ఆగస్టు 9న విజయవాడలో, కోవిడ్ రోగులను ఉంచిన స్వర్ణ ప్యాలెస్ హోటల్లో నిప్పంటుకుని పది మంది పోయారు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదు రూబీ హోటల్లో ఎనిమిది మంది. అదే భవనంలో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల దుకాణం, అక్కడ పుట్టిన పొగ మెట్ల దారిన పైకి ఎక్కింది. పొరుగూళ్ళ నుంచి పనుల మీద వచ్చి, రాత్రికి తలదాచుకుందామని దిగినవారు వాళ్ళలో ఉన్నారు. మంట లేకుండా ఒట్టి వాయువుతోనే పోయిన ఉదంతం 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో జరిగింది. కేరళ నుంచి వెళ్ళిన ఎనిమిది మంది, వారిలో నలుగురు పిల్లలు, గ్యాసు హీటరు పెట్టుకుని తలుపులు బిగించి పడుకుని మరి లేవలేదు. పత్రికలో ఆ వార్త నేను చదివాను. అయ్యో అనుకున్నాను. మూడేళ్ళ తరువాత మా పక్క గదిలో అదే వాయువు ఉందని మాత్రం గుర్తు రాలేదు.

ప్రమాదం జరగ్గానే ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, చట్టప్రకారం వచ్చే నష్టపరిహారం వేరు. నగరం దుర్ఘటన తరువాత చనిపోయినవారి కుటుంబాలకు గెయిలూ, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలూ కలిపి 25 లక్షల చొప్పున ప్రకటించాయి. 1991లో ప్రమాదకర పదార్థాలవల్ల చనిపోయినవారికోసం చేసిన పబ్లిక్ లయబిలిటీ బీమా చట్టంలో తప్పెవరిదని అడగకుండా ఇచ్చే మొత్తం 25,000 రూపాయలని రాశారు. ఈ రెండు అంకెల మధ్య దూరం చట్టం కొలిచినది కాదు, ఊరి ఏడుపు కొలిచినది. లాడ్జి గదిలో ఇద్దరు పడిపోతే ఊరు ఏడవదు. అక్కడ ఎక్స్‌గ్రేషియా రాదు. వచ్చేదల్లా చట్టం ఇచ్చేదే.

ఆ చట్టం 2020 జులై నుంచి కొత్త రూపంలో అమలులో ఉంది. 2019 చట్టం అంటారు. మనకు పనికొచ్చే మార్పు ఇందులో ఒకటి ఉంది. ఎక్కడో హిమాలయాల్లో హాని జరిగినా ఫిర్యాదుదారు నివసించే చోటే, అంటే మన ప్రాంతం మీద అధికారం ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. పైగా ఏ కమిషన్‌కు వెళ్ళాలో తేల్చేది మనం అడిగే పరిహారం కాదు, మనం చెల్లించిన అద్దె. ఐదు లక్షల లోపు చెల్లింపుకు రుసుము లేదు. వకీలు లేకుండా కూడా మనమే చెప్పుకోవచ్చు. గడువు రెండేళ్ళు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, మన్నించి తీరాలని లేదు. మహిళలకూ, సామూహిక విపత్తు బాధితులకూ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

రసీదు వెనక సన్న అక్షరాల సంగతి. 1998లో ఢిల్లీలో ఒక పెద్ద హోటలు, తాళం తమ చేతికి తీసుకుని నిలిపిన కారు దొంగల పాలైంది. చీటీ వెనక యజమాని సొంత బాధ్యత అని రాసి ఉందిగా అన్నారు హోటలువాళ్ళు. 2019లో సుప్రీంకోర్టు, తమ నిర్లక్ష్యానికి ఆ అచ్చు అక్షరాలు అడ్డు కావు అని తేల్చింది. మళ్ళీ చూడండి, మూట గెలిచింది! గుర్రం పోయి కారు వచ్చింది. అయినా కారుకు చెప్పిన న్యాయం మనిషికి చెల్లదని ఏ హోటలు వాదిస్తుంది?

సాక్ష్యం దగ్గరే ఇలాంటి కేసులు వీగిపోతాయి. ఈ విషం రక్తంలో గంటల్లో తగ్గిపోతుంది గనుక ఆస్పత్రిలో మొదటి గంటలోనే రక్తపరీక్ష చేయించి ఆ కాగితం పుచ్చుకోవాలి. గీజరు, కిటికీ, గొట్టం లేని గోడ ఫోటోలు తీయాలి. తెల్లారేసరికి లాడ్జివాళ్ళు గీజరు మార్చేస్తారు. పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాసి నకలు తీసుకోవాలి. పక్క గదుల్లోవారి పేర్లు రాసుకోవాలి. ఏ కాగితం మీదా అక్కడికక్కడే సంతకం పెట్టకూడదు. ఇవన్నీ ముప్పై నాలుగేళ్ళు కోర్టులో కూర్చున్న నాకు తెలుసు.

ఆ ఉదయం ఏం చేశానో చెబుతాను. చెల్లెమ్మకు తెలివి వచ్చింది. అందరం దేవుడి దయ అనుకున్నాం. రైలు సాయంత్రానికి. మేనేజరు రెండు రాత్రుల అద్దె వాపసు ఇస్తానన్నాడు, ఒక కాగితం రాసిమ్మన్నాడు. హెడ్మాస్టరు గారికి ఇంకా చేతులు వణుకుతున్నాయి. "పోనీయండి మాస్టారూ, ప్రాణాలు దక్కాయి, పరదేశంలో గొడవ ఎందుకు" అన్నది నేనే. చికిత్స, వాపసు సంతృప్తికరం, వేరే క్లెయిములు లేవు అని ఇంగ్లీషులో శుభ్రంగా డ్రాఫ్టు చేసింది కూడా నేనే. ఆయన సంతకం పెట్టారు.

ఈ విషానికి ఇంకో గుణం ఉంది. మనిషి కోలుకున్నాడు అనుకున్న రెండు మూడు వారాలకో, నెలకో కొందరిలో మతిమరుపు, నడకలో తడబాటు మొదలవుతాయి. మాస్టారికి సంక్రాంతి వెళ్ళాక మొదలైంది. ట్రెజరీ దగ్గర లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వరసలో నిలబడి తన పి.పి.ఓ. నంబరు నన్ను అడిగారు. లెక్కలు చెప్పిన మాస్టారాయన, ముప్పై ఏళ్ళ క్రితం శిష్యుల మార్కులు ఇప్పటికీ చెప్పేవారు. వయసు అనుకున్నాం. కాకినాడలో నరాల డాక్టరు గారు ఆ డిసెంబరు సంగతి విన్నాకే దీనికి కారణం అదే కావచ్చు అని రాసిచ్చారు. అప్పటికి రెండేళ్ళు దాటిపోయాయి.

"అన్నయ్యగారూ, ఇప్పుడు వేయచ్చా?" అని చెల్లెమ్మ అడిగింది. వేయవచ్చునమ్మా, ఆలస్యం మన్నించమని వేరే అర్జీ పెట్టాలి అన్నాను. పెట్టాం. జబ్బు బయటపడిందే ఆలస్యంగా అన్నది మా కారణం. ఆస్పత్రి చీటీ ఉంది, డాక్టరు గారి కాగితం ఉంది, గీజరు ఫోటో మా బృందంలో ఒకరి మనవడు అప్పుడే ఫోనులో తీసి ఉంచాడు. ఎదుటి పక్షం దాఖలు చేసిన కాగితం ఒక్కటే, ఆ సంతృప్తి పత్రం. పై వాయిదాకు నన్ను సాక్షిగా రమ్మన్నారు. ఆ దస్తూరీ ఎవరిది అని మొదట అదే అడుగుతారు.